వెలుగును మించిన కబురు



తెలుగు మాటల్లో ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ దూరం పోయినవి భూమ్మీద లేవు. 1977 సెప్టెంబరు 5న అమెరికా నుంచి బయల్దేరిన వాయేజర్-1 అనే వ్యోమనౌకకు బంగారు పూత పూసిన ఒక రాగి పళ్లెం బిగించారు. పాత గ్రామఫోను రికార్డు లాంటిదే. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడే జనం తరఫున ఒక గొంతు నమస్తే చెప్పి, శుభాకాంక్షలు అందిస్తుంది. ఆ రికార్డును కూర్చిన బృందానికి పెద్ద కార్ల్ సేగన్ అనే ఖగోళ శాస్త్రవేత్త. ఈ పేరు గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ అవసరపడుతుంది.

మృగశిర కార్తె రోజుల్లో, మబ్బు లేని అర్ధరాత్రి, మా నారాయణరావుపేటలో వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నవాళ్లకు దాదాపు నడినెత్తిన ఉండే దిక్కు ఏదో, వాయేజర్ ఉన్నది ఆ దిక్కులోనే. కంటికి కనిపించదు, ఏ దుర్భిణికీ కనిపించదు. సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున ఇంకా పోతూనే ఉంది. 2026 నవంబరు నడుమ అది భూమికి ఒక కాంతి దినం దూరానికి చేరుతుందని లెక్క. అంటే ఇక్కడ బయల్దేరిన వెలుగు దాన్ని చేరడానికి ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది. అంత దూరం పోయినా, పక్క నక్షత్రం దాకా ఉన్న దారితో పోలిస్తే అది ఇంకా మన గడప దాటనట్టే. మరో నక్షత్రానికి ఒక మోస్తరు దగ్గరగా పోవడానికి దానికి ఇంకా 40 వేల ఏళ్లు కావాలి.

అంత దూరాన ఉన్నదానితో మాట్లాడటం అంటే ఏమిటో 2024లో తెలిసింది. అంతకు ముందు ఏడాది నవంబరులో వాయేజర్ అర్థం పర్థం లేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. అందులోని ఒక కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో ఒక చిప్పు పాడైందని ఇంజనీర్లు నెలల తరబడి శోధించి కనుక్కున్నారు. పాడైన చోట ఉన్న ప్రోగ్రామును ముక్కలు చేసి, బాగున్న చోట్లలో సర్దమని ఏప్రిల్ 18న ఒక ఆదేశం పంపారు. అది చేరడానికి ఇరవై రెండున్నర గంటలు. జవాబు తిరిగి రావడానికి మరో ఇరవై రెండున్నర గంటలు. చేసిన పని ఫలించిందో లేదో 20వ తేదీ దాకా ఎవరికీ తెలియదు. ఒక ప్రశ్నకు ఒక జవాబు రావాలంటే దాదాపు రెండు రోజులు. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి చుట్టూ తిరిగే లోకంలో ఎవరైనా ఉన్నారనుకుంటే, ఒక్క ప్రశ్నకు జవాబు రావడానికి ఎనిమిదిన్నర ఏళ్లు. ఈ ఏడు బడిలో చేరిన పిల్ల అడిగితే, తొమ్మిదో తరగతిలో ఉండగా జవాబు వింటుంది.

రేడియో తరంగం కూడా వెలుగే. కంటికి కనపడని వెలుగు. వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. మన అవసరాలకు ఇది చాలా ఎక్కువ. హైదరాబాదు స్టూడియోలో నేను నేరుగా మాట్లాడుతున్నాననుకోండి. నా నోటి నుంచి వచ్చిన మాట ఈ గది గాలిలో జానెడు దూరం పోయేలోపే, అదే మాటను మోసుకుని రేడియో తరంగం సిద్దిపేట మీదుగా నారాయణరావుపేట దాటిపోతుంది. అందుకే ఆ వేగానికి ఒక హద్దు ఉందని మనకు రోజువారీ బతుకులో తెలియదు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా మాట్లాడితే కొంచెం తెలుస్తుంది: మాట పైకి పోయి కిందికి రావడానికి పావు సెకను. టీవీలో దూరాన ఉన్న విలేకరిని స్టూడియో వాళ్లు ప్రశ్న అడిగాక, ఆయన ఒక్క క్షణం తల ఊపుతూ నిలబడటం మీరు చూసే ఉంటారు. ఆయన ఆలోచిస్తున్నాడని కాదు, ప్రశ్న ఇంకా దారిలో ఉంది.

చంద్రుడి దగ్గరికి పోతే ఆ ఆలస్యం ఒకటింపావు సెకను దాటుతుంది. అంగారకుడి దగ్గరికి పోతే నిమిషాలు. మంగళయాన్ ముచ్చట చెబుతాను. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆ నౌక 2014 సెప్టెంబరు 24న అంగారకుడి చుట్టూ కక్ష్యలోకి చేరాలి. దాదాపు మూడు వందల రోజులు నిద్రపోయిన పెద్ద ఇంజను ఆ పొద్దున ఇరవై మూడు నిమిషాలకు పైగా మండాలి. దూరం 22 కోట్ల కిలోమీటర్లకు పైనే. వార్త రావడానికి పన్నెండున్నర నిమిషాలు. ఇంజను అంటుకోలేదని మనకు తెలిసి, మనం మరో ఆదేశం పంపి, అది అక్కడికి చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలు గడిచిపోతాయి. అప్పటికి చేయాల్సిన పని సమయం దాటిపోతుంది. అందుకని ఇస్రో వాళ్లు ఏ క్షణాన ఏం చేయాలో రోజుల ముందే రాసి నౌకకు పంపేశారు. అది తనంతట తానే తిరిగి, తానే ఇంజను వెలిగించి, తానే ఆర్పింది. ఆ వేళకు అది అంగారకుడి చాటుకు కూడా పోయింది. అంగారకుడే మన దిగంతం కింద ఉన్నాడు. మొదటి కబురును పట్టి ఇచ్చింది ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గరున్న నాసా యాంటెన్నా. ఆ తర్వాత ఏళ్ల తరబడి మంగళయాన్‌తో మాట్లాడింది బెంగళూరు పక్కన బైలాలు ఊళ్లోని మన 32 మీటర్ల యాంటెన్నా.

ఆ యాంటెన్నాను తయారు చేసింది మన హైదరాబాదు ఈసీఐఎల్ సంస్థ. చంద్రయాన్-1 కోసం 2008లో సిద్ధమైంది. ముప్పై రెండు మీటర్ల అడ్డం ఉన్న పళ్లెం, గుండ్రటి పట్టాల మీద చక్రాలతో తిరుగుతూ ఆకాశంలో ఒక చుక్కను వదలకుండా పట్టుకుంటుంది. 1967లో ఆ సంస్థను ఎ.ఎస్.రావు గారు నిలబెట్టిన నాడు ఇట్లాంటి పని మన దగ్గర జరుగుతుందని ఎంతమంది నమ్మి ఉంటారు? 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపిన ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆ పల్లెల్లో పెట్టిన టీవీ సెట్లూ ఈసీఐఎల్‌వే. పంచాయతీ కప్పు మీద పది అడుగుల యాంటెన్నా. దాని గిన్నెకు వాడింది కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీయే. ఆ జాలీ గిన్నెతో అంతరిక్షం నుంచి బొమ్మ పట్టిన దేశం, నలభై ఏళ్లు నిండకముందే అంగారకుడి మాట వింది. ఈ సంగతి మన బడి పిల్లలకు గట్టిగా చెప్పాలి, తక్కువ చేసి చెప్పకూడదు.

అయితే యాంటెన్నా ఎంత పెద్దదైనా ఆ పన్నెండున్నర నిమిషాలలో ఒక్క సెకను కూడా తగ్గించలేదు. చెవి ఎంత పెద్దదైతే ఏం, మాట ఇంకా రానే లేదు. మరి వెలుగు కంటే ముందు పోయే కబురు ఏదైనా ఉందా? కోరిక కొత్తది కాదు. మన పురాణాల్లో నారదుడు మనోవేగంతో లోకాలు తిరుగుతాడు. కానీ ఇరవయ్యో శతాబ్దంలో ఈ కోరికను లెక్కల్లో పెట్టి, ప్రయోగశాలలో పెట్టి నిజాయితీగా వెతికినవాళ్లున్నారు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది వాళ్ల గురించే. వాళ్లు వెతికింది దొరకలేదు. దొరికింది వేరే, దాని ఫలం మన హైదరాబాదు దాకా వచ్చింది.

మొదటి ప్రయత్నంలో ఇద్దరు భారతీయులున్నారు. కేరళలో కొట్టాయం దగ్గర పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్, వి.కె. దేశ్‌పాండే. బిలనియుక్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1962లో అమెరికా పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం బరువున్న ఏ వస్తువునూ వెలుగు వేగం దాకా నెట్టలేం, ఎంత బలం పెట్టినా చాలదు. నిజమే. కానీ పుట్టుకతోనే ఆ వేగానికి అవతల ఉన్న కణాలుంటే? వాటిని ఎవరూ నెట్టనక్కర్లేదు కదా. సుదర్శన్ చెప్పిన తర్కం ఇది: హిమాలయాలు ఎక్కి దాటడం ఎవరివల్లా కాదు గనుక హిమాలయాలకు ఉత్తరాన మనుషులే లేరని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? అక్కడివాళ్లు అక్కడే పుట్టారు, ఇక్కడి నుంచి కొండ దాటి పోలేదు. ఈ మాటలోని ధైర్యం నాకు ఎంతో నచ్చుతుంది. ఆ కణాలకు 1967లో జెరాల్డ్ ఫైన్‌బర్గ్ టాకియాన్లు అని పేరు పెట్టాడు. వాటి గుణం తలకిందులు: శక్తి పోగొట్టుకున్న కొద్దీ వేగం పెరుగుతుంది, ఎంత శక్తి ఇచ్చినా వెలుగు వేగానికి దిగి రాలేవు.

వెతికారు. 1968 నుంచి ప్రయోగాలు జరిగాయి. 1974లో ఆస్ట్రేలియాలో ఇద్దరు, విశ్వకిరణాల జల్లు కంటే ముందే ఏదో వచ్చి తాకినట్టు కనిపించిందన్నారు. మళ్లీ వెతికితే కనపడలేదు. ఇప్పటికీ ఒక్క టాకియాను దొరకలేదు.

కణం దొరకకపోవడం ఒక ఎత్తు. దొరికితే వచ్చే చిక్కు ఇంకో ఎత్తు. అదే అసలు సంగతి. కొంచెం ఓపికగా వినండి, కాగితం పెన్సిలు ఉంటే ఇంకా మంచిది. వెలుగు వేగంలో 80 శాతం వేగంతో ఒక నౌక మన భూమి పక్కనుంచి సరిగ్గా రాత్రి 12 గంటలకు దూసుకుపోయిందనుకుందాం. ఆ క్షణాన మన గడియారంలో, నౌకలోని గడియారంలో 12 గంటలే. ఐన్‌స్టీన్ 1905లో తేల్చిన ప్రకారం, అంత వేగంలో పోయే గడియారం మన లెక్కలో నెమ్మదిగా నడుస్తుంది. మనకు 10 గంటలు గడిస్తే దానికి 6 గంటలే. నౌకలో ఉన్నవాళ్ల లెక్కలో మాత్రం తాము కదలడం లేదు, కదులుతున్నది మనం. కనుక వాళ్ల లెక్కలో మన గడియారం నెమ్మది, అదే నిష్పత్తిలో. వాళ్లకు 10 అయితే మనకు 6. ఎవరిది తప్పని అడగొద్దు. రెండూ సరైనవే, వేగంగా పోయే కణాల మీద ప్రయోగాలు చేసి దీన్ని వేల సార్లు సరిచూశారు.

ఇప్పుడు ఇద్దరి దగ్గరా తక్షణం చేరే ఫోను ఉందనుకుందాం. మనం పొద్దున 10 గంటలకు నౌకకు ఒక కబురు పంపాం. మన లెక్కలో ఆ క్షణాన నౌకలో 6 గంటలు. కబురు అందింది. వాళ్లు అదే క్షణంలో తమ ఫోనుతో జవాబు పంపారు. వాళ్ల లెక్కలో తమకు 6 అయినప్పుడు భూమ్మీద ఎంత? ఆరులో పదింట ఆరు వంతులు, అంటే 3 గంటల 36 నిమిషాలు. జవాబు మనకు తెల్లవారుజామున 3:36కి వచ్చింది. ప్రశ్న పంపబోయేది పొద్దున పదింటికి! ఆ జవాబులో వాళ్లు 'పదింటికి మీరు ఆ కబురు పంపకండి' అని రాస్తే? మనం పంపం. పంపకపోతే వాళ్లు దేనికి జవాబు రాసినట్టు?

రిచర్డ్ టోల్మన్ 1917లోనే ఈ చిక్కును ఎత్తి చూపాడు. టాకియాన్ల మాట ఊపందుకున్నాక 1970లో బెన్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి దీన్ని మళ్లీ విడమరచి రాశారు. తక్షణమే చేరాలన్న పట్టింపు కూడా లేదు. వెలుగును కొద్దిగా మించినా చాలు, నౌకను అందుకు తగ్గ వేగంతో నడిపిస్తే ఇదే తిరకాసు. విశ్వం మొత్తానికీ 'ఇప్పుడు' అనేది ఒక్కటే ఉందని ఒప్పుకుంటే చిక్కు తప్పిపోతుంది. అట్లాంటి ఒకే ఒక్క 'ఇప్పుడు' ఉన్నట్టు మాత్రం ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ జాడ కనిపించలేదు. వెలుగు వేగం ఒక యంత్రం వేగం లాంటిది కాదనీ, రేపో మాపో మంచి ఇంజను వస్తే దాటేసేది కాదనీ నాకు నమ్మకం కుదిరింది ఈ లెక్కతోనే. ముందు వెనుకల వరస, కారణం తర్వాతే ఫలితం అనే కట్టుబాటు, దాని మీద నిలబడి ఉంది.

2011లో ఒక్కసారి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింది ప్రయోగశాలకు, నేల లోపలి నుంచి 730 కిలోమీటర్లు, న్యూట్రినో అనే కణాలను పంపుతున్నారు. అవి వెలుగు కంటే 60 నానోసెకన్లు ముందు చేరుతున్నట్టు ఒపేరా అనే ప్రయోగ బృందం లెక్కల్లో తేలింది. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో అరవై ముక్కలు. వాళ్లు దాచలేదు, విజయం అని చాటనూ లేదు. మాకు తప్పు కనబడటం లేదు, మీరూ చూడండి అని లోకం ముందు పెట్టారు. అప్పుడు చాలామందికి 1987 గుర్తొచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో లక్షా అరవై ఎనిమిది వేల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం నుంచి న్యూట్రినోలు, వెలుగు దాదాపు కలిసే వచ్చాయి; న్యూట్రినోలు మూడు గంటలు ముందు. అది కూడా వేగం ఎక్కువై కాదు, వెలుగు నక్షత్రం పొరల్ని చీల్చుకుని బయటపడటానికి ఆలస్యమైంది. ఒపేరా లెక్కే నిజమైతే ఆ న్యూట్రినోలు నాలుగేళ్లు ముందుగా రావాలి. నెలల తర్వాత దొరికింది: ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. గట్టిగా తిప్పి బిగించాక న్యూట్రినోలు వెలుగుతో సమానంగా నడిచాయి. ఈ ఉదంతాన్ని నవ్వుకోవడానికి చెప్పేవాళ్లంటే నాకు కోపం. తన లెక్క తనకే నమ్మశక్యం కానప్పుడు నలుగురినీ పిలిచి చూపించడం గొప్ప గుణం.

ఇక ఈ రోజుల్లో ఎక్కువగా వినిపించేది క్వాంటం మాట. ఎంటాంగిల్‌మెంట్ అంటారు. జతగా పుట్టిన రెండు కాంతి కణాలు ఎంత దూరం విడిపోయినా వాటి గుణాలు ముడిపడే ఉంటాయి. ఒకదాన్ని ఇక్కడ కొలిస్తే, దూరాన ఉన్న రెండోది ఏ జవాబిస్తుందో ఆ క్షణంలోనే మనకు తెలిసిపోతుంది. ఇంకేం, దీంతో తక్షణం కబురు పంపొచ్చు అని వీడియోల్లో చెబుతుంటారు. ఒక జత చెప్పుల్లో ఒకటి మన ఇంట్లో ఉండిపోయి, రెండోది దుబాయి పోయినవాళ్ల పెట్టెలో పడిందనుకోండి. ఇంట్లోది ఎడమది అని చూడగానే అక్కడున్నది కుడిది అని తెలుస్తుంది. కబురేమీ పోలేదు. కాంతి కణాల సంగతి ఇంతకన్నా విచిత్రం: అవి ఎడమో కుడో కొలిచేదాకా తేలనే తేలదని జాన్ బెల్ 1964లో చూపిన దారిలో ప్రయోగాలు నిరూపించాయి. ఆ ప్రయోగాలకే 2022లో ఆస్పె, క్లాజర్, త్సైలింగర్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. అయినా కబురు పోదు. ఎందుకంటే నా కణం ఏ జవాబిస్తుందో నా చేతిలో లేదు. అక్షరం ఎంచుకునే వీలు లేనప్పుడు ఉత్తరం రాయలేం.

ఇక్కడ నిక్ హెర్బర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక తెలివైన దారి వెతికాడు. జవాబు నా చేతిలో లేదు, సరే. ఏ రకంగా కొలవాలో మాత్రం నా ఇష్టమే కదా. కాంతి కణాన్ని నిలువూ అడ్డం అనే లెక్కలో కొలవచ్చు, లేదా కుడికి తిరుగుతోందా ఎడమకా అనే లెక్కలో కొలవచ్చు. నేను మొదటి రకంగా కొలిస్తే 'అవును', రెండో రకంగా కొలిస్తే 'కాదు' అని ముందే ఒప్పందం. దూరాన ఉన్నవాళ్లు తమ కణాన్ని చూసి, ఇక్కడ ఏ రకం కొలత జరిగిందో కనిపెడితే చాలు. ఒకే ఒక్క కణంతో అది కుదరదు. ఒకసారి కొలిస్తే ఒకే జవాబు, కణం అయిపోతుంది. కానీ ఆ కణాన్ని లేజరు గొట్టంలోకి పంపి, అచ్చంగా దానిలాంటివే బోలెడు నకళ్లు తీస్తే? సగం నకళ్లను ఒక రకంగా, సగం మరో రకంగా కొలిస్తే? రహస్యం బయటపడుతుంది. వెలుగును మించిన తంతి సిద్ధం!

హెర్బర్ట్ ఈ ఆలోచనను వ్యాసంగా రాస్తే, పత్రిక వాళ్లు దాన్ని పరిశీలనకు పంపారు. జాన్‌కార్లో గిరార్డి అనే ఇటలీ శాస్త్రవేత్త ఇది తప్పు, వేయొద్దు అన్నాడు. తప్పెక్కడో కూడా చూపించాడు. ఇంకో పరిశీలకుడు ఆషర్ పెరెస్. ఆయనకూ ఇది తప్పేనని తెలుసు. అయినా అచ్చు వేయమన్నాడు. ఈ తప్పు ఎక్కడుందో వెతకడం మొదలైతే అందరికీ ఏదో ఒక కొత్త సంగతి తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆ మాట ఆయనే ఇరవై ఏళ్ల తర్వాత రాసుకున్నాడు. హెర్బర్ట్ వ్యాసం 1982లో అచ్చయింది. ఆ ఏడాదే వూటర్స్, జూరెక్ కలిసి, విడిగా నెదర్లాండ్స్‌లో డీక్స్, తప్పెక్కడో తేల్చారు: తెలియని క్వాంటం స్థితికి అచ్చమైన నకలు తీయడం ప్రకృతిలోనే కుదరదు. ఏ లేజరుతోనూ, ఏ యంత్రంతోనూ. నకలు తీయబోతే మచ్చ పడి తీరుతుంది.

వెలుగును మించిన తంతికి అక్కడితో తలుపు మూసుకుంది. కానీ ఆ నియమాన్ని ఇంకో వైపు నుంచి చూడండి. నకలు తీయలేని ఉత్తరం ఉందంటే, దొంగచాటుగా చదవలేని ఉత్తరం ఉన్నట్టే. 1984లో బెన్నెట్, బ్రసార్డ్ కాంతి కణాల మీద రహస్య తాళంచెవి పంపే పద్ధతిని రాశారు. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే కణాల గుణాలు చెదిరి, అవతలివాళ్లకు తెలిసిపోతుంది. 2020 డిసెంబరులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ఈ తరహా పద్ధతిని చేసి చూపించింది మన హైదరాబాదులోనే. డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ అనే రెండు ప్రయోగశాలల మధ్య, ఫైబర్ తీగ మీద, 12 కిలోమీటర్ల పరిధిలో. మధ్యలో తొంగిచూసే ప్రయత్నాన్ని పట్టుకోగలమా అన్నదీ అక్కడ పరీక్షించారు. ఆ తీగలో పోయే కబురు వెలుగును మించదు. గాజు తీగలో వెలుగు వేగమే మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. అయినా ఆ తాళంచెవి వెనకున్న నియమం, వెలుగును మించాలని ఒక మనిషి రాసిన తప్పుడు వ్యాసం తప్పెక్కడో వెతకబోతే చేతికందింది.

ఇక సొరంగాల మాట. కార్ల్ సేగన్ పేరు గుర్తుంచుకోమన్నాను. 1985లో వచ్చిన తన నవల 'కాంటాక్ట్'లో కథానాయికను దూరపు నక్షత్రానికి పంపడానికి లెక్కకు నిలబడే దారి ఏదైనా చెప్పమని ఆయన భౌతిక శాస్త్రవేత్త కిప్ థార్న్‌ను అడిగాడు. ఆ ప్రశ్న నుంచి 1988లో థార్న్, ఆయన విద్యార్థి మోరిస్ రాసిన వ్యాసం వచ్చింది. స్థలాన్నే మడిచి, రెండు దూరపు చోట్లను కలిపే పొట్టి దారి, వర్మ్‌హోల్. 1994లో మెక్సికోకు చెందిన అల్కుబియెర్రె నౌక చుట్టూ ఉన్న స్థలాన్నే ముందు కుదించి వెనక సాగదీసే లెక్క రాశాడు. లెక్క దగ్గర రెండూ నిలబడతాయి. రెంటికీ సున్నా కంటే తక్కువ శక్తి, ఎక్కడా కుప్పగా దొరకనిది, భారీగా కావాలి. దొరికినా మళ్లీ ఆ 3:36 చిక్కు ఎదురవుతుంది. ఇంతకంటే ఈ దారిలో పోవడం నాకు ఇష్టం లేదు. సినిమాల్లో ఇదే ఎక్కువగా చూపించి జనానికి అయిపోయిన పని అనిపించారు.

నా తీర్పు అడిగితే దాచను. వెలుగును మించిన కబురు రాదు. మన మునిమనవలు అంగారకుడి మీద ఇల్లు కట్టుకున్నా, ఇక్కడ అడిగిన ప్రశ్నకు జవాబు కోసం నిమిషాల తరబడి ఆగాల్సిందే. అందుకే దూరం పోయేవాటికి సొంత బుద్ధి నేర్పాలి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 లాండరు చివరి నిమిషాల్లో మన ఆదేశం కోసం చూడకుండా తానే చోటు ఎంచుకుని దిగింది. దారి అదీ.

అయితే ఈ ప్రశ్నే అడగొద్దని మాత్రం ఎవరికీ చెప్పను. సిద్దిపేట జిల్లాలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. వెలుగు కంటే వేగంగా పోలేమా సార్, పోలేమా మేడం అని ఏ పిల్లో పిల్లవాడో అడిగితే, పోలేం కూర్చో అని మాట తుంచేయకండి. నౌక, రెండు గడియారాలు, పది గంటలు, ఆరు గంటలు అని బోర్డు మీద గీయండి. ఇందులో పదో తరగతి లెక్కలు దాటినది ఏమీ లేదు. చివరి అంకె పిల్లలనే రాబట్టనివ్వండి. వెలుగు వేగంలో 80 శాతం బదులు 60 శాతం పెడితే, మన పది గంటలకు నౌకలో ఎనిమిది అవుతుంది. అప్పుడు జవాబు ఎన్ని గంటలకు వస్తుందో లెక్కగట్టమని అడగండి. ఈ ప్రసంగం వింటున్న విద్యార్థులూ, మీరూ చేయండి. చేసి, మీ సారుకో మేడమ్‌కో చూపించండి.